తోలు పూజారమ్మకు, పొగ దేవుడికి

ఏథెన్స్ విమానాశ్రయంలో సామాను కోసం ఎదురుచూస్తుంటే మా అమ్మాయి నెమ్మదిగా అంది, "నాన్నా, మీ ఎర్కియా ఈ పక్కనే."

మా ఆవిడకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. విమానాశ్రయం ఉన్న ఊరు స్పాటా. పూర్వం ఆ ప్రాంతంలోనే ఎర్కియా అనే పల్లె ఉండేది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ పల్లెవాళ్లు ఏడాది పొడవునా ఏ దేవుడికి ఏ రోజున ఏ జంతువును ఇవ్వాలో, దాని ఖరీదు ఎంతో ఒక రాతిపలక మీద చెక్కించుకున్నారు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి దాని అనువాదాన్ని ఆరు నెలల ముందే నాకు పంపింది. తండ్రికి పార్థెనాన్ గుడి బొమ్మలు పంపితే ఒకసారి చూసి పక్కన పెడతాడనీ, లెక్కల కాగితం పంపితే నిద్రపోడనీ దానికి తెలుసు.

నేను బ్యాంకులో 29 ఏళ్లు పనిచేశాను. అందులో 18 ఏళ్లు ఆడిట్‌లోనే. అంతకు ముందు నుంచే లెక్కల పిచ్చి ఉంది, అది తాతయ్య నుంచి వచ్చింది. పల్నాడులో మా ఊరి పోలేరమ్మ కొలుపులకు చందాల లెక్క రాసింది ఆయనే. ఎర్ర అట్ట చిట్టా పుస్తకం, మూలలు నలిగిపోయినది, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరు ఎంత ఇచ్చారు, పోతు ఎంతకు కొన్నారు, డప్పులవాళ్లకు ఎంత, తల ఎవరికి, తోలు ఎవరికి, ఏ కులానికి ఏ వాటా, అన్నీ అందులో ఉంటాయి. భక్తి గురించి ఒక్క ముక్క ఉండదు.

ఎర్కియా రాతి మీద కూడా ఒక్క ముక్క లేదు.

అయిదు నిలువు వరుసలు. ఒక్కో వరుసలో ఏడాది పొడవునా జరగవలసిన బలులు, చివర ధర. వరుసకు దాదాపు 110 ద్రాక్మాలు, అయిదూ కలిపితే 547. అయిదు వరుసలూ ఇంత సమంగా రావడం కాకతాళీయం కాదు. ఊరి ఖర్చును అయిదుగురు మోతుబరులు పంచుకోవడానికి వేసుకున్న లెక్క ఇది అని పండితులు ఊహిస్తున్నారు. నేనైతే ఊహ అని కూడా అనను. ఒకడికి 3 ద్రాక్మాల పందిపిల్ల ఎక్కువ పడితే పంచాయితీ ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. (ద్రాక్మా అంటే ఎంత అని అడుగుతారేమో. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఏథెన్స్‌లో గుడి కట్టిన మేస్త్రీకి రోజు కూలి ఒక ద్రాక్మా.)

కొన్ని పద్దులు చూడండి. ఎలాఫెబోలియన్ నెల 16వ తేదీ: సెమెలేకు మేక, 10 ద్రాక్మాలు. ఆమె కొడుకు, ద్రాక్షసారాయ దేవుడు డయొనైసస్‌కు అదే రోజు, అదే బలిపీఠం మీద మరో మేక, 12. తల్లికి పది, కొడుకుకు పన్నెండు ఎందుకంటే దేవతకు ఆడది, దేవుడికి పోతు. సంతలో పోతు ధర ఎక్కువ. రెంటినీ స్త్రీలకు అప్పగించాలి. తోలు పూజారమ్మకు. ఇక చివర రెండే రెండు మాటలు: "తీసుకెళ్లడం లేదు". అంటే మాంసం అక్కడే వండుకుని అక్కడే తినాలి, ఇంటికి మూటగట్టకూడదు.

ఆ రెండు మాటలు చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా ఊళ్లో కూడా అమ్మవారి వేట మాంసం పొలిమేర దాటకూడదు. పొరుగూరి నుంచి వచ్చిన అల్లుడు సంచిలో వేసుకుని బయలుదేరితే తాతయ్య వెనక్కి పిలిచిన సంగతి మా ఇంట్లో పెళ్లిళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గ్రీసుకూ పల్నాటికీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. అలాంటి వ్యాసాలు రాసేవాళ్లు వేరే ఉన్నారు. కోసిన జంతువును పదిమందీ పంచుకోవలసి వచ్చినప్పుడు మనుషులకు వచ్చే తగాదాలు ఎక్కడైనా ఒకే రకంగా ఉంటాయి, అంతే.

బోయెద్రోమియన్ నెల 5న ఎపోప్స్ అనే ఎవరికో 3 ద్రాక్మాల పందిపిల్ల. మొత్తం కాల్చేయాలి, ద్రాక్షసారాయం పోయకూడదు. ఎపోప్స్ అంటే తల మీద కిరీటంలా ఈకలుండే ఒక పిట్ట. ఆ పిట్ట ఎందుకు దేవుడైందో ఆ రాయి చెప్పదు. ఖరీదు మాత్రం చెబుతుంది.

శాసనాల మ్యూజియం ఏథెన్స్‌లో పెద్ద పురావస్తు మ్యూజియం పక్కనే ఉంది. పెద్ద మ్యూజియం ముందు వరుస కట్టిన జనం, ఇక్కడ మేం ముగ్గురం, కాపలా కూర్చున్న ఒకావిడ. గదుల నిండా రాళ్లు. "ఇంత దూరం వచ్చింది రాళ్లు చదవడానికా?" అంది మా ఆవిడ. కానీ ఒక రాతి దగ్గర ఆవిడే ముందుగా ఆగింది. ఆ రాయి ఎథీనా నికే, అంటే విజయాన్నిచ్చే ఎథీనా దేవత, గుడి పూజారిణిది.

మామూలుగా ఏథెన్స్‌లో పెద్ద పూజారి పదవులు వంశపారంపర్యం. ఊరి పెద్ద దేవత ఎథీనా పోలియాస్ పూజారిణి ఎతెయోబూతదాయ్ అనే వంశం నుంచే రావాలి. లిసిమాఖే అనే ఆమె 64 ఏళ్లు ఆ పదవిలో ఉందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నికే గుడికి మాత్రం పద్ధతి మార్చారు. ఏథెన్స్ స్త్రీలందరిలోంచి ఎవరినైనా చీటీ తీసి ఎంచుకోవచ్చు. జీతం 50 ద్రాక్మాలు, దానికి తోడు ఊరి ఖర్చుతో జరిగే బలుల్లో కాళ్లూ తోళ్లూ ఆమెవే. అలా వచ్చిన మొదటి పూజారిణి మిర్రినే. ఆమె సమాధిరాయి కూడా దొరికింది, అందరిలోంచీ చీటీలో తనకే వచ్చిందని గర్వంగా చెప్పుకుంది.

ఇదంతా రాతి ముందువైపు. వెనకవైపు మరో తీర్మానం ఉంది, క్రీ.పూ. 424-423 నాటిది: ఆ 50 ద్రాక్మాలను ఫలానా అధికారులు ఫలానా నెలలో చెల్లించాలి.

మా ఆవిడ 22 ఏళ్లు టీచరు. రాతి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అంది, "జీతం ఇస్తామని ముందువైపు రాశారు. ఎవరివ్వాలో వెనకవైపు రాశారు. మధ్యలో పాపం ఆవిడ ఎన్నిసార్లు తిరిగిందో." ముందువైపు తీర్మానం ఏ ఏడాదిదన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటున్నారు కాబట్టి ఆ మధ్య ఎన్నేళ్లో నేను చెప్పలేకపోయాను. ఆవిడ అడిగింది మాత్రం సరైన ఆడిట్ ప్రశ్న.

మర్నాడు అక్రోపోలిస్ కొండ ఎక్కాం. బాదం చెట్లు పూసే ఫిబ్రవరి, చలిగాలి. పార్థెనాన్ ముందు నిలబడి మా ఆవిడ అలవాటుగా చెప్పులు విప్పబోయి ఆగింది. లోపలికి ఎలాగూ పోనివ్వరు. అయితే ఆ రోజుల్లో కూడా జనం పూజ కోసం లోపల గుమిగూడేవాళ్లు కాదు. గుడి దేవుడి ఇల్లు, కానుకలు దాచే కొట్టు. పూజ జరిగేది బయట, ఆకాశం కింద, బలిపీఠం దగ్గర. గుడి లేకుండా పూజ జరుగుతుంది, బలిపీఠం లేకుండా జరగదు. మనం ఫొటోలు తీసుకునే స్తంభాలన్నీ ఒక రకంగా వెనక తెర.

బలి ఎలా జరిగేదో చెబుతాను. జంతువుకు దండలు వేసి ఊరేగింపుగా తెస్తారు. పెళ్లికాని అమ్మాయి తలమీద బుట్ట మోస్తుంది, అందులో బార్లీ గింజలు, గింజల అడుగున కత్తి. చేతులు కడుక్కుంటారు, జంతువు మీద నీళ్లు చల్లుతారు, బార్లీ చల్లుతారు. నుదుటి మీది వెంట్రుకలు నాలుగు కత్తిరించి మంటలో వేస్తారు. కత్తి దిగే క్షణంలో ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తి అరుస్తారు. తరవాత తొడ ఎముకలకు కొవ్వు చుట్టి, తోక భాగంతో కలిపి పీఠం మీద కాలుస్తారు. ఆ పొగ దేవుడిది. గుండె, కాలేయం లాంటివి ఊచలకు గుచ్చి కాల్చి దగ్గరున్నవాళ్లు ముందుగా తింటారు. మిగతా మాంసం వండి పంచుతారు.

దేవుడికి ఎముకలూ పొగా, మనిషికి మాంసం. ఈ వాటా ఏమిటని వాళ్లకే అనుమానం వచ్చింది. ప్రొమీథియస్ దేవతల రాజు జ్యూస్‌ను మోసం చేసి, మెరిసే కొవ్వు కింద ఎముకలు దాచి ఆయన చేత ఎంచుకోనిచ్చాడని ప్రాచీన కవి హెసియడ్ కథ చెప్పాడు. హాస్యకవి మెనాండర్ నాటకంలో ఒక చిరాకు ముసలాయన ఉంటాడు: తినడానికి పనికిరాని తోక కొసా పిత్తాశయమూ దేవుడికి పెట్టి మిగతాదంతా వీళ్లే మింగేస్తారని సణుగుతాడు. ఆ ముసలాయన మా డిపార్ట్‌మెంటులో ఉండవలసినవాడు.

నీళ్లు చల్లినప్పుడు జంతువు తల ఊపితే ఒప్పుకున్నట్టు అని పుస్తకాల్లో రాస్తారు. నిజంగా అలా అనుకునేవాళ్లా అని ఈ మధ్య కొందరు పరిశోధకులు సందేహిస్తున్నారు. జోస్యం చెప్పే అపోలో గుడి ఉన్న డెల్ఫీలో మాత్రం నియమం స్పష్టంగా ఉండేది: చన్నీళ్లు చల్లితే మేక ఒళ్లంతా వణకాలి. వణకకపోతే ఆ రోజు పూజారిణి పిథియా నోట దేవుడు పలకడు. మా ఊళ్లో పసుపు నీళ్లు చల్లి పోతు ఒళ్లు విదిలించేదాకా ఆగేవాళ్లు. ఆరేడేళ్ల వయసులో చూసిన ఒక కొలుపులో అది ఎంతకీ విదల్చలేదు. బిందె తరవాత బిందె తెచ్చారు. ఎవరో చెవిలో నీళ్లు పోశారు. అప్పుడు విదిల్చింది. జనం కేక వేశారు. నేను తాతయ్య పంచె పట్టుకుని మొహం దాచుకున్నాను. మాంసం మానేసింది ఆ రోజు నుంచి కాదు గానీ, మానేసిన రోజు మాత్రం అదే గుర్తొచ్చింది.

డెల్ఫీలో పూజారిగా ఉన్న రచయిత ప్లూటార్క్ ఒక సంఘటన రాసిపెట్టాడు. ఎక్కడి నుంచో పెద్ద బృందం వచ్చింది. మేక వణకలేదు. వచ్చినవాళ్లను నొప్పించలేక పూజారులు అది మునిగిపోయేంతగా నీళ్లు కుమ్మరించి చివరికి వణికించారు. పిథియా ఇష్టం లేకుండానే లోపలికి దిగింది. మొదటి మాటల్లోనే ఆమె గొంతు మారిపోయింది, భయంకరంగా అరుస్తూ తలుపు వైపు పరుగెత్తింది, పూజారులు కూడా పారిపోయారు. కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. పెద్దమనుషుల మొహమాటానికి నియమం వంచడం, దాని ఫలితం కింది మనిషి మీద పడటం. ఇంతకన్నా మంచి ఆడిట్ రిపోర్టు నేను చదవలేదు.

అక్రోపోలిస్ మీద జ్యూస్ పోలియస్‌కు ఒక వింత పండుగ జరిగేది. పేరు బూఫోనియా, ఎద్దు హత్య అని అర్థం. వేసవి మొదట్లో, స్కిరోఫోరియన్ నెలలో. పీఠం మీద గింజలు పెట్టి ఎద్దులను దాని చుట్టూ తిప్పుతారు. ఏది ముందుగా మూతి పెడితే అది దేవుడి సొమ్ము తిన్న దోషి. ఒకడు గొడ్డలితో కొట్టి, గొడ్డలి పడేసి పారిపోతాడు. మాంసం అందరూ తింటారు. తరవాత విచారణ. గొడ్డలి, కత్తి నూరడానికి నీళ్లు తెచ్చిన అమ్మాయిలు నూరినవాళ్లదే తప్పంటారు. నూరినవాళ్లు గొడ్డలి అందించినవాణ్ణి చూపిస్తారు. అతను గొంతు కోసినవాణ్ణి. గొంతు కోసినవాడు కత్తిని చూపిస్తాడు. కత్తికి నోరు లేదు. దాన్ని దోషిగా తేల్చి సముద్రంలో పారేస్తారు. ఎద్దు తోలులో గడ్డి కూరి నిలబెట్టి నాగలికి కడతారు, ఏమీ జరగనట్టు.

ఇది నవ్వులాటా, నిజమైన పాపభీతా అని మా అమ్మాయి అడిగింది. నేను ఉద్యోగంలో ఇలాంటి విచారణలు ఎన్నో చూశాను. ఫైలు నా బల్ల మీదికి రాలేదండీ, వచ్చినా సంతకం నాది కాదండీ, సంతకం నాదే గానీ ముద్ర వేరేవాళ్లదండీ. చివరికి దోషి కంప్యూటరు. అయినా ఆ ఎద్దు విషయంలో నాకు నవ్వు రాలేదు. పొలం దున్నిన ఎద్దును చంపి తినడం తప్పేనని ప్రతి ఏడూ ఊరంతా కూర్చుని ఒప్పుకుని, ఆ తప్పును తలా కాస్త పంచుకున్నారు. మాంసంలాగే.

అన్నిటికన్నా పెద్ద పండుగ పనథినాయా. ఏటా జూలై–ఆగస్టు ప్రాంతంలో, నాలుగేళ్లకొకసారి మరీ ఘనంగా. ఊరేగింపు దిపిలోన్ ద్వారం దగ్గర మొదలై బజారు మీదుగా కొండెక్కేది. ఎథీనాకు కొత్త చీర (వాళ్లు పెప్లోస్ అంటారు, నాకు చీరే) తీసుకెళ్లేవాళ్లు. తొమ్మిది నెలల ముందు మగ్గం ఎక్కించి, రాక్షసులతో దేవతల యుద్ధాన్ని దానిలో నేసేవాళ్లు. ఆ చీర శిల్పి ఫిదియాస్ చేసిన బంగారు విగ్రహానికి కాదు, పాతకాలపు ఆలివ్ కర్ర బొమ్మకు. అది విని మా ఆవిడ చాలా సంతోషించింది. "ఉత్సవ విగ్రహం ఎంత పెద్దదైనా మూలవిరాట్టుకే కదా చీర" అంది. పోలిక పూర్తిగా కుదరదు గానీ నేను సరిదిద్దలేదు.

నాకు కావలసింది అక్కడా రాయే. క్రీ.పూ. 4వ శతాబ్దపు తీర్మానం ఒకటి చిన్న పనథినాయా మాంసం పంపకాన్ని వివరిస్తుంది. ప్రభుత్వ భూమి కౌలు సొమ్ములో 41 మీనాలు, అంటే 4,100 ద్రాక్మాలు పెట్టి ఆవులు కొనాలి. ఒక బలి మాంసంలో సభ అధ్యక్షులకు 5 వాటాలు, ఆర్కన్లనే అధికారులు తొమ్మిదిమందికి 3, ఎథీనా ఖజానాదారులకు 1, ఏర్పాట్లు చూసిన వాళ్లకు 1, సేనాపతులకూ వాళ్ల కింది అధికారులకూ కలిపి 3. మిగిలింది జనానికి. 41 మీనాలతో కొన్న ఆవుల మాంసం ఏథెన్స్ పేట కెరమైకోస్‌లో పంచుతారు, ఊరేగింపుకు ఏ పేట నుంచి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి ఆ ప్రకారం. అంటే హాజరు పట్టీ. రానివాడికి ముక్క లేదు.

నేను లెక్కలను మురిపెంగా చెబుతున్నానని అనుకోకండి. ఒక లెక్క దగ్గర నోరు మూతపడింది. క్రీ.పూ. 415లో సేనాపతి ఆల్సిబయాడిస్, మరికొందరు ఎల్యూసిస్ ఊళ్లో పంటల దేవత డిమీటర్ పేరిట జరిగే రహస్య దీక్షను తాగుడు విందుల్లో అనుకరించి వెక్కిరించారని నేరం మోపారు. దోషులుగా తేలినవాళ్ల ఆస్తి వేలం వేసి, ఆ జాబితాను రాళ్ల మీద చెక్కారు. కెఫిసోదోరోస్ అనే అతని ఆస్తిలో మనుషులు ఉన్నారు. థ్రేస్ స్త్రీ, 165 ద్రాక్మాలు. సిరియా మనిషి, 240. ఇంకా కిందికి వస్తే కారియా చిన్న పిల్లవాడు, 72. వాడికి పేరు లేదు. ఎర్కియా ధరలో మేకపోతు 12 చొప్పున ఆరు పోతులు. ఆ గుణకారం నా బుర్ర తనంతట తానే చేసింది, ఆపలేకపోయాను. దైవదూషణ చేసింది యజమాని, వేలానికి నిలబడింది వీడు. ఆ దేవతల ముందు జనం ఎంత సమానంగా మాంసం పంచుకున్నారో చదివినప్పుడల్లా ఇప్పుడు ఈ 72 అడ్డం వస్తోంది.

విచిత్రమేమిటంటే ఎల్యూసిస్ దీక్ష బానిసలకూ ఉండేది. గ్రీకు మాట అర్థమై, చేతికి హత్యాదోషం లేకపోతే ఆడా మగా ఎవరైనా రావచ్చు.

ఆఖరి రోజు అక్కడికే వెళ్లాం. ఏథెన్స్ నుంచి పోయే రోడ్డు పేరు ఇప్పటికీ ఇయెరా ఒదోస్, పవిత్ర మార్గం. దారిపొడవునా టైర్ల దుకాణాలు, ఫర్నిచర్ షాపులు. పూర్వం సెప్టెంబరు చివర్లో దీక్షాపరులు దాదాపు 20 కిలోమీటర్ల ఈ దారిలో నడిచి వెళ్లేవాళ్లు. అంతకు ముందే పందిపిల్లలతో సహా సముద్ర స్నానం చేసి ఉంటారు. దారిలో వంతెన దగ్గర ఎంత పెద్దమనిషినైనా నోటికొచ్చినట్టు తిట్టే ఆచారం ఒకటి ఉండేది. ఊళ్లోకి రాగానే చమురు శుద్ధి కర్మాగారాలు, సముద్రంలో లంగరేసిన ఓడలు.

ఇక్కడి లెక్కలు కూడా రాళ్ల మీద ఉన్నాయి. రైతులు పండిన బార్లీలో ఆరు వందల్లో ఒక వంతు, గోధుమల్లో పన్నెండు వందల్లో ఒక వంతు డిమీటర్‌కు పంపాలని ఏథెన్స్ తీర్మానం చేసింది. కానీ దీక్షా మందిరం లోపల రాత్రి ఏం చూపించారు, ఏం చెప్పారు అన్నది వెయ్యేళ్లకు పైగా వేలమందికి తెలుసు, చూసినవాళ్లెవరూ వివరంగా రాసిపెట్టినట్టు లేదు. బయటపెడితే మరణశిక్ష. ఉపవాసం విడవడానికి బార్లీ, పుదీనా జాతి ఆకు కలిపిన నీళ్లు తాగేవాళ్లని తెలుసు. ఆ తరవాతిది తెలియదు.

మందిరం నేలమీద 42 స్తంభాల అడుగులు మిగిలాయి. కొండను తొలిచి చెక్కిన మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఎండ వచ్చింది. మా అమ్మాయి నారింజ ఒలిచి తలా నాలుగు తొనలు ఇచ్చింది.

"ఇక్కడ నీకు ఆడిట్ చేయడానికి ఏమీ లేదు నాన్నా" అంది.

నాకు తాతయ్య పుస్తకం గుర్తొచ్చింది. కొలుపుల ఆఖరి రాత్రి కొందరు మగవాళ్లు రక్తం కలిపిన అన్నం గంపలో ఎత్తుకుని ఊరి పొలిమేర చుట్టూ చల్లుతూ పోయేవాళ్లు. తలుపులన్నీ వేసేసేవాళ్లు, ఎవరూ చూడకూడదు. దాన్ని పొలి అంటారు. తాతయ్య వెళ్లేవారో లేదో మా నాన్నకు కూడా తెలియదు. పుస్తకంలో ప్రతి కొలుపుకూ ఆఖరి పద్దు అదే. బియ్యం ఎంత, గంప ఎంత, మనుషులెవరు, ఏదీ ఉండదు. పేజీ అడుగున "పొలి" అని రాసి, ఎదురుగా అంకె వేయవలసిన చోట ఒక గీత గీసి వదిలేసేవారు.